గృహ ఎలక్ట్రానిక్ పరికరాల శీతలీకరణ

టెలివిజన్, కంప్యూటరు, సెట్ టాప్ బాక్సు, రౌటరు, ఇన్వర్టరు, మొబైల్ ఫోను వంటి పరికరాలలో పుట్టే వేడిని బయటకు పంపి, వాటి లోపలి ఉష్ణోగ్రతను సురక్షితమైన హద్దులలో ఉంచడాన్ని గృహ ఎలక్ట్రానిక్ పరికరాల శీతలీకరణ అంటారు. ఇందుకు అందరికీ అందుబాటులో ఉన్న సాధనం గాలి. పరికరం చుట్టూ గాలి ధారాళంగా ఆడితే చాలావరకు వేరే ఏర్పాటు అవసరం ఉండదు. గాలి ఆడని చోట ఎంత ఖరీదైన పరికరమైనా త్వరగా పాడవుతుంది.

ఈ విషయానికి వేసవి తీవ్రంగా ఉండే ప్రాంతాలలో ప్రాముఖ్యం ఎక్కువ. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల మే నెలలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటడం తరచు జరుగుతుంది. అనేక పరికరాల వాడుక సూచనలలో పరిసరాల ఉష్ణోగ్రత 35 లేదా 40 డిగ్రీలకు మించరాదని రాసి ఉంటుంది. అంటే ఎండాకాలంలో ఇక్కడి ఇళ్ళలో పరికరాలు తమ హద్దు దగ్గరే పనిచేస్తుంటాయి. అటువంటప్పుడు మూసిన అలమరా, దుమ్ము పట్టిన గాలిరంధ్రం, మీద కప్పిన గుడ్డ వంటి చిన్న లోపాలే పెద్ద నష్టానికి దారితీస్తాయి.

== వేడి పుట్టుక ==

విద్యుత్తు ప్రవహించే ప్రతి వాహకంలోనూ నిరోధం వల్ల కొంత వేడి పుడుతుంది. ట్రాన్సిస్టర్లు తెరుచుకొని మూసుకొనే ప్రతిసారీ కొంత శక్తి వేడిగా మారుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ల ఇనుప గుండెలోనూ, తీగచుట్టలలోనూ నష్టాలు ఉంటాయి. టెలివిజన్ నుంచి వెలుతురు, ధ్వని రూపంలో బయటకు పోయే శక్తి చాలా స్వల్పం. కాబట్టి ఒక పరికరం ఎన్ని వాట్ల విద్యుత్తు వాడుకుంటుందో, దాదాపు అన్ని వాట్ల వేడినీ విడుదల చేస్తుందని లెక్క వేసుకోవచ్చు.

సాధారణ గృహ పరికరాలు విడుదల చేసే వేడి సుమారుగా ఈ విధంగా ఉంటుంది:

* రౌటరు: 5 నుంచి 15 వాట్లు
* సెట్ టాప్ బాక్సు: 8 నుంచి 20 వాట్లు
* 32 అంగుళాల ఎల్ఈడీ టెలివిజన్: 30 నుంచి 60 వాట్లు
* ల్యాప్‌టాప్: 15 నుంచి 65 వాట్లు
* వీడియో ఆటల యంత్రం: 100 నుంచి 200 వాట్లు
* మామూలు డెస్క్‌టాప్ కంప్యూటరు: 80 నుంచి 200 వాట్లు

ఇన్వర్టరు, ఛార్జరు వంటివి విద్యుత్తును మార్చి ఇతర పరికరాలకు అందిస్తాయి కనుక, వాటిలో నష్టమైన భాగం మాత్రమే వేడిగా మారుతుంది. ఉదాహరణకు, 85 శాతం సామర్థ్యం గల ఇన్వర్టరు 500 వాట్లు అందిస్తున్నప్పుడు బ్యాటరీ నుంచి సుమారు 588 వాట్లు తీసుకుంటుంది. మిగిలిన 88 వాట్లు ఇన్వర్టరు పెట్టెలోనే వేడిగా మారతాయి.

== వేడి వల్ల కలిగే నష్టాలు ==

పరికరం లోపలి ఉష్ణోగ్రత రెండు భాగాల మొత్తం. మొదటిది గది ఉష్ణోగ్రత, రెండవది పరికరం తన వేడితో కలిపే పెరుగుదల. గదిలో 25 డిగ్రీలు ఉన్నప్పుడు లోపల 55 డిగ్రీలకు చేరే పెట్టె, గదిలో 40 డిగ్రీలు ఉన్నప్పుడు సుమారు 70 డిగ్రీలకు చేరుతుంది. గాలి ప్రసరణ మొదటి భాగాన్ని తగ్గించలేదు. అది తగ్గించగలిగేది రెండవ భాగాన్ని మాత్రమే.

రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రతతో ఎలా పెరుగుతుందో స్వీడన్ దేశపు శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ 1889లో ఒక సమీకరణం ద్వారా వివరించాడు. ఎలక్ట్రానిక్ భాగాల ఆయుర్దాయాన్ని అంచనా వేయడానికి ఇంజనీర్లు నేటికీ ఆ సమీకరణాన్ని వాడుతున్నారు.

=== కెపాసిటర్లు ===

విద్యుత్ సరఫరా బోర్డులలో కనిపించే చిన్న డబ్బాల వంటి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు వేడికి అందరికంటే ముందు లొంగిపోయే భాగాలు. వాటి లోపల ద్రవ రూపంలో ఉండే ఎలక్ట్రోలైట్ వేడికి మెల్లగా ఆవిరై ఎండిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వీటి ఆయుర్దాయం సగమవుతుందని, 10 డిగ్రీలు తగ్గితే రెట్టింపవుతుందని ఒక వాడుక సూత్రం ఉంది.

105 డిగ్రీల వద్ద 2,000 గంటలు పనిచేస్తుందని ముద్రించిన కెపాసిటరును తీసుకుందాం. ఈ సూత్రం ప్రకారం అది 65 డిగ్రీల వద్ద 32,000 గంటలు పనిచేస్తుంది. రోజుకు 8 గంటల వాడకానికి ఇది దాదాపు 11 సంవత్సరాలు. అదే కెపాసిటరు గాలి ఆడని అలమరాలో 75 డిగ్రీల వద్ద పనిచేస్తే 16,000 గంటలకే, అంటే అయిదున్నర సంవత్సరాలకే దాని ఆయువు తీరుతుంది. కేవలం 10 డిగ్రీల తేడాతో పరికరం జీవితకాలంలో సగం పోతుంది. పాడైన కెపాసిటరు పైభాగం ఉబ్బి కనిపించడం, టెలివిజన్ వెంటనే వెలగక కొన్ని నిమిషాల తరువాత వెలగడం దీనికి సాధారణ లక్షణాలు.

=== అర్ధవాహకాలు, టంకం అతుకులు ===

సిలికాన్ అర్ధవాహకాలలో వృథాగా కారే విద్యుత్తు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ సుమారు రెట్టింపవుతుంది. ఆ విద్యుత్తు మరింత వేడిని పుట్టిస్తుంది. నేటి కంప్యూటర్లలోనూ, ఫోన్లలోనూ ఉండే ప్రాసెసర్లు సుమారు 100 డిగ్రీల దగ్గరకు చేరగానే తమంతట తామే వేగాన్ని తగ్గించుకుంటాయి. వేసవి మధ్యాహ్నాలలో కంప్యూటరు మందకొడిగా పనిచేయడానికి ఇది ఒక కారణం. వేగం తగ్గినా వేడి అదుపులోకి రాకపోతే యంత్రం హఠాత్తుగా ఆగిపోతుంది.

పరికరం వేడెక్కినప్పుడు వ్యాకోచిస్తుంది, ఆపినప్పుడు సంకోచిస్తుంది. సిలికాన్, రాగి, ప్లాస్టిక్ ఒక్కొక్కటి ఒక్కొక్క మేరకు వ్యాకోచిస్తాయి కనుక వాటిని కలిపే టంకం అతుకుల మీద ఒత్తిడి పడుతుంది. ఇది వేలసార్లు జరిగిన తరువాత అతుకులో సన్నని పగులు ఏర్పడుతుంది.

=== బ్యాటరీలు ===

లిథియం అయాన్ బ్యాటరీలు ఎక్కువ వేడిలో తమ నిల్వ సామర్థ్యాన్ని శాశ్వతంగా కోల్పోతాయి. సాధారణంగా 45 డిగ్రీలకు పైన వాటిని ఛార్జి చేయకూడదు. ఇన్వర్టరుకు వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీల ఆయుర్దాయాన్ని మామూలుగా 25 డిగ్రీల వద్ద లెక్కిస్తారు. అంతకంటే 8 నుంచి 10 డిగ్రీలు పెరిగితే ఆయుర్దాయం సుమారు సగమవుతుంది.

== గాలితో వేడి ఎలా పోతుంది ==

వేడి మూడు విధాలుగా ప్రయాణిస్తుంది.

* ఉష్ణవహనం: ఘనపదార్థాల గుండా వేడి పాకడం. చిప్పు నుంచి దానిమీద అమర్చిన లోహపు హీట్ సింకుకు వేడి ఈ విధంగానే చేరుతుంది. అల్యూమినియం ఉష్ణవాహకత గాలి ఉష్ణవాహకత కంటే సుమారు 8 వేల రెట్లు ఎక్కువ. చిప్పుకు, లోహానికి మధ్య మిగిలే సన్నని గాలిపొర కూడా అడ్డంకి అవుతుంది కనుక అక్కడ ఉష్ణవాహక లేపనం పూస్తారు.
* ఉష్ణసంవహనం: వేడెక్కిన గాలి కదిలిపోతూ వేడిని తనతో తీసుకుపోవడం.
* ఉష్ణవికిరణం: వేడి వస్తువు నుంచి పరారుణ కిరణాల రూపంలో వేడి వెలువడడం. ఎండ పడే కిటికీ పక్కన ఉంచిన పరికరం ఇదే మార్గంలో బయటి వేడిని గ్రహిస్తుంది.

ఇళ్ళలోని పరికరాలకు ఉష్ణసంవహనం ముఖ్యం. ఒక లీటరు గాలి ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 1.2 జౌళ్ళ శక్తిని గ్రహిస్తుంది. కాబట్టి సెకనుకు ఒక లీటరు గాలి ప్రవహిస్తే, ఆ గాలి వేడెక్కే ప్రతి డిగ్రీకీ 1.2 వాట్లను మోసుకుపోతుంది. 100 వాట్ల పరికరాన్ని తీసుకుంటే, లోపలికి వచ్చే గాలి కంటే బయటకు పోయే గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఉండాలంటే సెకనుకు సుమారు 8 లీటర్ల గాలి కావాలి. అంటే సెకనుకు దాదాపు సగం బకెట్టు. అదే ఘనపరిమాణం గల నీరు గాలికంటే సుమారు 3,500 రెట్లు ఎక్కువ వేడిని గ్రహించగలదు. గాలి బలహీనమైన వాహనం కనుకనే దానికి విశాలమైన దారి అవసరం.

=== సహజ ప్రసరణ ===

వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది. దాని స్థానంలోకి కింది నుంచి చల్లని గాలి వస్తుంది. వంటింటి పొగగొట్టం పనిచేసేది ఈ సూత్రం మీదనే. అందుచేత గాలి లోపలికి వచ్చే రంధ్రాలు కింద, బయటకు పోయే రంధ్రాలు పైన ఉండాలి. రెండింటి మధ్య ఎత్తు పెరిగేకొద్దీ ప్రవాహం పెరుగుతుంది. పైన మాత్రమే రంధ్రాలు ఉండి కింద మూసి ఉంటే గాలి సరిగా కదలదు.

=== ఫ్యానుతో ప్రసరణ ===

సహజ ప్రసరణ చాలనప్పుడు చిన్న ఫ్యాను అమరుస్తారు. కంప్యూటర్లలో వాడే 8 సెంటీమీటర్ల ఫ్యాను అడ్డంకి లేని చోట సెకనుకు 10 నుంచి 15 లీటర్ల గాలిని కదిలించగలదు. జాలీలు, తీగలు, ఇరుకు దారులు అడ్డు వచ్చినప్పుడు ఈ ప్రవాహం బాగా తగ్గుతుంది. ఫ్యాను ఎప్పుడూ సహజ ప్రవాహానికి తోడుగా ఉండాలి. పైన అమర్చిన ఫ్యాను గాలిని బయటకు తోయాలే గాని లోపలికి కాదు.

== చరిత్ర ==

ఎలక్ట్రానిక్ పరికరాలతో పాటే వేడి సమస్య కూడా పుట్టింది. వాల్వు రేడియోలలో ప్రతి వాల్వుకూ ఎర్రగా కాలే ఫిలమెంటు ఉండేది. ఆ రేడియోల వెనుక భాగాన్ని వరుసగా రంధ్రాలు వేసిన అట్టతో మూసేవారు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో నిర్మించి 1946లో ప్రజలకు ప్రదర్శించిన ఎనియాక్ కంప్యూటరులో సుమారు 18 వేల వాల్వులు ఉండేవి. అది సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తు వాడేది. ఆ వేడిని తొలగించడానికి ప్రత్యేకంగా గాలి ఊదే యంత్రాలు అమర్చారు.

1947లో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరును కనుగొన్న తరువాత పరికరాలు చిన్నవై, వేడి తగ్గింది. భారతదేశంలో ఇంటి టెలివిజన్లు వ్యాపించిన రోజులలో అవి చెక్కపెట్టెలలో, తరచు ముందు జరిపే తలుపులతో వచ్చేవి. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) కూడా టెలివిజన్లు తయారు చేసింది. అప్పటి పిక్చర్ ట్యూబు టెలివిజన్ల వెనుక మూతకు కిందా పైనా చాలినన్ని రంధ్రాలు ఉండేవి. అయితే ఇంటి అలంకారంగా వాటిమీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పడం అలవాటుగా మారి, ఆ రంధ్రాలు మూసుకుపోయేవి.

ఫ్యాను లేకుండా యంత్రాన్ని తయారు చేయాలన్న పట్టుదల వల్ల వచ్చిన చిక్కులకు 1980లో వెలువడిన ఆపిల్ 3 కంప్యూటరును ఉదాహరణగా చెబుతారు. దానిలో వేడికి చిప్పులు తమ సాకెట్ల నుంచి వదులయ్యేవి. 1993లో వచ్చిన పెంటియం ప్రాసెసర్లతో, చిప్పు మీద హీట్ సింకు, దానిపై ఫ్యాను అనే అమరిక ఇంటి కంప్యూటర్లలో సాధారణమైంది. 2004 నాటి పెంటియం 4 ప్రాసెసర్లలో కొన్ని 100 వాట్లకు మించిన వేడిని విడుదల చేసేవి. వేడిని అదుపు చేయడం కష్టమై, వేగాన్ని పెంచే పోటీ మందగించింది. 2005 నుంచి ఒకే చిప్పులో రెండు, నాలుగు కోర్లు ఉంచే పద్ధతి వ్యాపించింది.

ఇంటి పరికరాలలో వేడి కలిగించగల ఆర్థిక నష్టానికి మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ 360 ప్రసిద్ధమైన ఉదాహరణ. వేడెక్కడం, చల్లారడం పదే పదే జరగడం వల్ల దాని చిప్పుల అతుకులు తెగిపోయేవి. ముందు భాగంలో మూడు ఎర్ర దీపాలు వెలిగి యంత్రం ఆగిపోయేది. 2007 జూలైలో ఆ సంస్థ వారంటీని మూడేళ్ళకు పెంచి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా కేటాయించింది.

ల్యాప్‌టాప్‌లలోనూ, కొన్ని ఫోన్లలోనూ వేడిని చిప్పు నుంచి దూరంగా చేర్చడానికి హీట్ పైపులను, వాటిని పోలిన ఆవిరి గదులను వాడతారు. లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవర్ 1963లో హీట్ పైపును అభివృద్ధి చేశాడు. అందులో కొద్దిపాటి ద్రవం వేడి చివర ఆవిరై, చల్లని చివర తిరిగి ద్రవమవుతూ వేడిని మోస్తుంది. అయితే ఆ చల్లని చివర నుంచి వేడిని చివరకు తీసుకుపోవలసింది గాలే.

== అలమరా, షోకేసులలో అమరిక ==

తెలుగువారి ఇళ్ళలో టెలివిజన్ చుట్టూ చెక్కతో షోకేసు కట్టించి, సెట్ టాప్ బాక్సు, రౌటరు, స్టెబిలైజరు, ఆంప్లిఫయరు వంటివాటిని తలుపులు గల అరలలో ఉంచడం సాధారణం. చూడడానికి అందంగా ఉన్నా, గాలి దృష్ట్యా ఇది చిక్కైన అమరిక.

చెక్క ఉష్ణబంధకం. మామూలు మందం గల ఒక చదరపు మీటరు చెక్కపలక గుండా, రెండు వైపులా 10 డిగ్రీల తేడా ఉన్నప్పుడు సుమారు 30 వాట్ల వేడి మాత్రమే బయటకు పోగలదు. గోడలో ఇమిడిన అరకు 60 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల ఎత్తు గల తలుపు ఉంటే, ఆ తలుపు గుండా అదే తేడాకు పోయేది 10 వాట్లే. లోపల మొత్తం 40 వాట్ల పరికరాలు ఉంటే, మిగిలిన వేడి పోయే దారి దొరికేంతవరకు లోపలి ఉష్ణోగ్రత పెరుగుతూనే ఉంటుంది.

దీనికి పరిష్కారం తేలిక. అదే అరకు కింద ఒక రంధ్రం, పైన ఒక రంధ్రం పెడితే పొగగొట్టం సూత్రం ప్రకారం గాలి తనంతట తానే కదులుతుంది. 60 సెంటీమీటర్ల ఎత్తు తేడా, 40 వాట్ల వేడి, 10 డిగ్రీల పెరుగుదల అనుకొని లెక్కిస్తే ఒక్కొక్క రంధ్రానికి సుమారు 130 చదరపు సెంటీమీటర్ల ఖాళీ కావాలి. ఇది దాదాపు ఒక పోస్టుకార్డు వైశాల్యం. రంధ్రానికి జాలీ బిగిస్తే జాలీ తీగలు ఆక్రమించే చోటును కూడా లెక్కించి, రంధ్రాన్ని ఆ మేరకు పెద్దది చేయాలి.

అమరికలో పాటించవలసిన ముఖ్య విషయాలు:

* పరికరానికి అన్ని వైపులా 5 నుంచి 10 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. పైభాగాన ఇంకా ఎక్కువ ఉంటే మంచిది. తయారీదారు ఇంతకంటే ఎక్కువ దూరం చెప్పి ఉంటే దానినే పాటించాలి.
* ఒక పరికరం మీద మరొకటి పేర్చరాదు. కింది దాని వేడి పై దానికి చేరుతుంది. తప్పనిసరి అయితే ఎక్కువ వేడెక్కేదాన్ని పైన ఉంచి, మధ్యలో ఖాళీ ఉండేలా దిమ్మలు పెట్టాలి.
* వెనుక పలకను పూర్తిగా బిగించకుండా పైన సందు వదలాలి, లేదా తీగల కోసం చేసే రంధ్రాలను పెద్దవిగా చేయాలి.
* అద్దపు తలుపుల కంటే జాలీ తలుపులు మేలు. అద్దపు తలుపులు ఉంటే పరికరాలు వాడేటప్పుడు తెరిచి ఉంచాలి.
* సెట్ టాప్ బాక్సును రిమోట్‌తో ఆపినా అది విద్యుత్తు తీసుకుంటూనే ఉంటుంది. చాలా సేపు వాడనప్పుడు గోడ దగ్గరి స్విచ్చి ఆపడం వల్ల వేడీ, కరెంటు ఖర్చూ రెండూ తగ్గుతాయి.

== వివిధ పరికరాలు ==

=== టెలివిజన్ ===

పలుచని టెలివిజన్లలో వేడి వెనుక మూత రంధ్రాల గుండా పోతుంది. గోడకు తగిలించేటప్పుడు వెనుక కొంత ఖాళీ మిగిలే బిగింపులను వాడాలి. పూర్తిగా గోడలో గూడు చేసి అమర్చితే గూటి పైభాగం తెరిచి ఉండాలి. పశ్చిమపు ఎండ పడే గోడకు టెలివిజన్ తగిలించకపోవడం మంచిది.

=== కంప్యూటరు ===

2000 దశకంలో వచ్చిన కంప్యూటరు బల్లలలో సీపీయూ పెట్టెకు తలుపుగల చిన్న అర ఉండేది. అందులో పెట్టి తలుపు వేస్తే యంత్రం తాను వదిలిన వేడిగాలినే తిరిగి పీల్చుకుంటుంది. అటువంటి అరకు వెనుక పలక తీసివేయాలి. పెట్టెలో గాలి ముందు నుంచి, కింది నుంచి లోపలికి వచ్చి, వెనుక నుంచి, పై నుంచి బయటకు పోయేలా ఫ్యాన్లను అమర్చుతారు. తీగలను ఒక పక్కకు కట్టితే గాలికి దారి చిక్కుతుంది.

ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి గాలి పీల్చే రంధ్రాలు అడుగున ఉంటాయి. పరుపు, దిండు, ఒడిలోని దుప్పటి మీద పెట్టినప్పుడు ఆ రంధ్రాలు పూర్తిగా మూసుకుపోతాయి. గట్టి పలక మీద, వెనుక భాగం కొద్దిగా ఎత్తి ఉంచి వాడాలి.

=== మొబైల్ ఫోను ===

ఫోనులో సాధారణంగా ఫ్యాను ఉండదు. వేడి దాని ఒంటిమీదుగానే పోవాలి. ఛార్జి అవుతున్నప్పుడు దిండు కింద ఉంచడం, ఎండలో నిలిపిన కారులో వదలడం ప్రమాదకరం. బాగా వేడెక్కిన ఫోనుకు మందపాటి తొడుగు తీసివేసి, నీడన ఉంచితే చాలు. ఫ్రిజ్‌లో పెట్టరాదు. బయటకు తీసినప్పుడు గాలిలోని తేమ లోపలా బయటా నీటిబిందువులుగా పేరుకుంటుంది.

=== ఇన్వర్టరు, బ్యాటరీ ===

ఇన్వర్టరును చాలా ఇళ్ళలో మెట్ల కింద గానీ, సామానుల గదిలో గానీ ఉంచుతారు. ఇక్కడ గాలి ప్రసరణకు రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి వేడి. రెండవది వాయువు. నీళ్ళు పోసే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలిలో హైడ్రోజన్ సుమారు 4 శాతానికి చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. హైడ్రోజన్ తేలికైనది కనుక పైకి చేరుతుంది. అందువల్ల గది పైభాగంలో గాలి పోయే దారి తప్పక ఉండాలి. బ్యాటరీ దగ్గర దీపం, అగరువత్తి, పొయ్యి ఉంచరాదు. వేసవిలో నీరు త్వరగా తగ్గుతుంది కనుక స్వేదనజలం మట్టాన్ని తరచుగా చూసుకోవాలి.

=== రిఫ్రిజిరేటరు ===

ఇది తన లోపలి వేడిని గదిలోకి తోసే యంత్రం. పాత నమూనాలలో వెనుక కనిపించే నల్లని గొట్టాల జాలీ ద్వారా వేడి పోయేది. అనేక కొత్త నమూనాలలో ఆ గొట్టాలు పక్క గోడలలో దాగి ఉంటాయి. అందువల్ల పక్కలు వేడిగా తగులుతాయి. ఇరుకు సందులో దూర్చి, పక్కలు మూసి ఉంచితే కంప్రెసరు ఎక్కువసేపు తిరిగి, కరెంటు ఎక్కువ కాలుతుంది.

=== ఎల్ఈడీ దీపాలు ===

ఎల్ఈడీ బల్బు మొదలు దగ్గర ఉండే చిన్న బోర్డు మీద కూడా కెపాసిటర్లు ఉంటాయి. పూర్తిగా మూసిన గాజు బుడ్డిలో అమర్చితే బల్బు ముందుగానే పాడవుతుంది.

== దుమ్ము, తేమ, పురుగులు ==

గాలితో పాటు దుమ్ము కూడా లోపలికి వస్తుంది. హీట్ సింకు రెక్కల మధ్య పేరుకున్న దుమ్ము దుప్పటి వలె పనిచేసి, గాలి దారిని మూసివేస్తుంది. రోడ్డు పక్క ఇళ్ళలోనూ, రాయలసీమ, తెలంగాణలలోని పొడి ప్రాంతాలలోనూ ఈ బెడద ఎక్కువ. కోస్తా ప్రాంతంలో సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ దుమ్ముతో కలిసి బోర్డుల మీద లోహాన్ని తుప్పు పట్టిస్తాయి. నీటితో పనిచేసే ఎయిర్ కూలరు గాలిని సూటిగా పరికరాల మీదికి తిప్పరాదు. ఆ గాలి చల్లనిదే అయినా తేమతో నిండి ఉంటుంది.

వెచ్చదనం కోసం చీమలు, బొద్దింకలు, బల్లులు గాలిరంధ్రాల గుండా ఇన్వర్టర్లలోకీ, స్టెబిలైజర్లలోకీ దూరుతుంటాయి. బల్లి బోర్డు మీద రెండు తీగలను కలిపితే షార్టు సర్క్యూటు అవుతుంది. అందుకని రంధ్రాలను మూసివేయడం పరిష్కారం కాదు. అలమరా రంధ్రాలకు సన్నని లోహపు జాలీ బిగించి, ఆ జాలీని నెలకొకసారి తుడవడం సరైన పద్ధతి.

పరికరాన్ని శుభ్రం చేసేముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు కూడా తీయాలి. బయటి రంధ్రాలను మెత్తని బ్రష్షుతో గానీ, గాలి ఊదే సాధనంతో గానీ శుభ్రపరచవచ్చు. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలు తిరగకుండా పట్టుకోవాలి. విద్యుత్ సరఫరా పెట్టెలను, టెలివిజన్ మూతలను ఇంట్లో విప్పరాదు. 230 వోల్టుల సరఫరాతో పనిచేసే బోర్డులలోని పెద్ద కెపాసిటరు మీద సుమారు 325 వోల్టులు ఉంటాయి. ప్లగ్గు తీసిన తరువాత కూడా అవి కొంతసేపు నిలిచి ఉండవచ్చు. పాత పిక్చర్ ట్యూబు టెలివిజన్లలో వేల వోల్టుల విద్యుత్తు నిలిచి ఉండే అవకాశం ఉంది.

== కొన్ని అపోహలు ==

* "సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే చాలు." ఫ్యాను గాలిని కదిలిస్తుంది గాని గది ఉష్ణోగ్రతను తగ్గించదు. మూసిన అరలోని గాలిని అది తాకదు కూడా.
* "పైన తాకితే చల్లగా ఉంది కనుక లోపల వేడి లేదు." ప్లాస్టిక్ మూత ఉష్ణబంధకం. దుమ్ముతో నిండిన పరికరం బయటికి గోరువెచ్చగా ఉండి, లోపల మరుగుతూ ఉండవచ్చు.
* "కంప్యూటరు పక్క మూత తీసి ఉంచితే మంచిది." కొన్ని భాగాలు చల్లబడినా, ముందు నుంచి వెనుకకు పోవలసిన గాలి దారి చెదిరిపోతుంది. దుమ్ము, పురుగులు కూడా చేరతాయి.
* "స్టెబిలైజరు ఉంటే వేడెక్కదు." స్టెబిలైజరు వోల్టేజి హెచ్చుతగ్గుల నుంచి కాపాడుతుంది. పరికరం సహజంగా విడుదల చేసే వేడిని అది తగ్గించదు. అదీ ఒక వేడి పరికరమే.

== ప్రమాద సూచనలు ==

కాలిన వాసన, రంగు మారిన ప్లగ్గు, ఫ్యాను నుంచి కీచుమనే శబ్దం, పరికరం తనంతట తాను ఆగి చల్లారాక మళ్ళీ పనిచేయడం, ఉబ్బిన బ్యాటరీ అనేవి అధిక వేడికి సంకేతాలు. ఇటువంటప్పుడు వెంటనే మెయిన్ ఆపి, పరికరాన్ని నిపుణులకు చూపించాలి. ఉబ్బిన లిథియం బ్యాటరీని గుచ్చడం, నొక్కడం, మళ్ళీ ఛార్జి చేయడం చేయరాదు. మంటలు లేచినప్పుడు విద్యుత్తు ఆపకుండా నీళ్ళు పోయరాదు.

భారత ప్రభుత్వం జారీ చేసిన తప్పనిసరి నమోదు ఉత్తర్వు ప్రకారం అనేక ఎలక్ట్రానిక్ వస్తువులు భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన భద్రతా పరీక్షలకు లోబడాలి. ఆ పరీక్షలలో పరికర భాగాలు ఎంతవరకు వేడెక్కవచ్చునన్నది కూడా ఒక అంశం. అయితే ఆ పరీక్షలు పరికరాన్ని చెప్పిన విధంగా అమర్చారన్న భావనతో జరుగుతాయి. రంధ్రాలు మూసిన పరికరానికి ఆ హామీ వర్తించదు.

గాలి ఆడే చోట పరికరాన్ని ఉంచడానికి పెద్ద ఖర్చు లేదు. దానివల్ల ఆయుర్దాయం పెరుగుతుంది, మరమ్మతులు తగ్గుతాయి, పారవేయవలసిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలూ తగ్గుతాయి.

== ఇవి కూడా చూడండి ==

* ఉష్ణసంవహనం
* ట్రాన్సిస్టరు
* కెపాసిటరు
* లిథియం అయాన్ బ్యాటరీ
* ఎలక్ట్రానిక్ వ్యర్థాలు